సముద్రం ఒడ్డున నిశానీ

మా అత్తమ్మకు జనమంటే భయం లేదు. జనంలో మనవాళ్ళు తప్పిపోతారనేదే ఆవిడ భయం. పాతబస్తీలో పుట్టి, పాతబస్తీలోనే కాపురం చేసి, అరవై దాటిన మనిషి. బోనాలకు వెళ్ళినా, నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వెళ్ళినా, రంజాన్ నెలలో చార్మినార్ దగ్గరి గాజుల బజారుకు వెళ్ళినా, చవితికి ముందు ధూల్‌పేట్‌లో వినాయకుణ్ణి కొనడానికి వెళ్ళినా ఆవిడ మొట్టమొదట చేసే పని ఒకటే. చుట్టూ చూసి ఒక గుర్తు ఎంచుతుంది. దానికి మా ఇంట్లో పేరు నిశానీ. ఏ కరెంటు స్తంభమో, ఏ దుకాణం మెట్టో అయి ఉంటుంది. మా పాప చెయ్యి తీసుకెళ్ళి దానికి ఆనించి మరీ చెబుతుంది. "గిది నిశానీ. తప్పిపోతే గీడికొచ్చి దీన్ని పట్టుకొని నిలవడు. మేమొచ్చి నిన్ను ముట్టుకునేదాక ఇడువొద్దు. దేవుడొచ్చి పిలిచినా ఇడువొద్దు. సమజైందా?"

నవ్వితే ఆవిడకు కోపం. ఎందుకంటే ఈ నిశానీయే ఒకప్పుడు మా ఆయన్ని ఇంటికి చేర్చింది. చిన్నప్పుడు నుమాయిష్‌లో తప్పిపోయాడట. పెద్ద రంగులరాట్నం టికెట్ల కిటికీ పక్కన ఇనుప కంబం పట్టుకొని, చలికి వణుకుతూ, మా మామయ్య వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాడట. ఎవరో జిలేబీ ఇస్తానన్నా కదల్లేదట. పెళ్ళైన కొత్తలో ఈ కథ వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. కాబట్టి మా ఇంట్లో నిశానీకి ఎదురు లేదు. పోయిన రంజాన్‌లో మా పాప నిశానీ వదిలి నాలుగడుగులు పక్కకెళ్ళి, మెరిసే గాజులు చూస్తూ నిలబడింది. అత్తమ్మ నడిబజార్లో దానికి ఎక్కిళ్ళు వచ్చేదాకా తిట్టింది. ఏడేళ్ళ పిల్ల. ఆ పూట అన్నం కూడా తినలేదు. నేను అత్తమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ దాన్ని పట్టించుకున్నదీ లేదు.

నా సంగతి వేరు. మా నాన్నది కోస్తా. ఆఫీసు ఉద్యోగం మీద వచ్చి, సైదాబాద్‌లో ఇల్లు కట్టుకొని ఇక్కడివాడైపోయాడు. నన్ను తెచ్చి యాకుత్‌పురా స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఈ ఇత్తడి సామాన్ల వ్యాపారస్తుల ఇంటికి ఇచ్చాడు. కొన్నాళ్ళకు నా నోట్లోకి వాళ్ళ మాట వచ్చి చేరింది. వాళ్ళ దుకాణం లెక్కన పొద్దున లేవడం, పడుకోవడం అలవాటైంది. సముద్రం మీద హక్కు మాత్రం వదులుకోలేదు. నిజం చెప్పాలంటే చిన్నప్పుడు రెండుసార్లు చూశానంతే. అయినా టీవీలో నాలుగు అలలు కనిపిస్తే చాలు, "మా సముద్రం" అనేదాన్ని. "అవ్, మీ నాయినే తవ్విచ్చిండు" అనేవాడు మా ఆయన. చూపించమని ఏళ్ళ తరబడి అడిగాను. అలిగాను, దెప్పాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, దుకాణం తాళం ముందు ఎవరి కోపమూ చెల్లదు.

చివరికి మొన్నటి మాఘంలో తీరింది. మా దగ్గర బిందెలు, దీపపు కుందులు కొనుక్కెళ్ళే విశాఖపట్నం వ్యాపారి కూతురి పెళ్ళి. వెళ్ళకపోతే బాగుండదని మా ఆయనే దుకాణం మూశాడు. నలుగురం బయలుదేరాం. ఆయన, నేను, అత్తమ్మ, పాప. పెళ్ళైపోయిన మర్నాడు ఆదివారం. రాత్రికి తిరుగు రైలు. ఆ మధ్యాహ్నం ఊరికి కాస్త బయట ఉన్న బీచ్‌కు వెళ్దామన్నాను. పెళ్ళివారంతా అదే చెప్పారు. "పిల్లలతో వెళ్ళడానికి మంచి చోటమ్మా, మెత్తటి ఇసుక, కాపలా మనుషులుంటారు, భయం లేదు" అన్నారు. అత్తమ్మ ఒక్కతే గొణిగింది. "నీళ్ళకాడికి పిల్లను తీస్కపోవుడెందుకు?" నేను వినిపించుకోలేదు.

ఆటో దిగి, సిమెంటు నడకదారి దాటి మెట్ల మీద నిలబడగానే అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అలాగే చూసింది. "దీనికి అవతలి గట్టు లేదా?" అంది చివరికి. లేదన్నాను, నేనే కట్టించినంత గర్వంగా. ఒడ్డంతా సంసారులే. చాపలు పరుచుకొని పులిహోర తింటున్నవాళ్ళు, చంటిపిల్లల కాళ్ళను అలకు తగిలించి మురిసిపోతున్న తాతలు, ఇసుకలో మెడదాకా పూడ్చుకొని ఫొటోలు దిగుతున్న కాలేజీ పిల్లలు. మా పాప నా చెయ్యి లాగేస్తోంది. "ఆగు" అంది అత్తమ్మ. సముద్రానికి వీపు తిప్పి నిశానీ కోసం వెతకడం మొదలుపెట్టింది.

ఇసుక మీద ఏముంటుంది? స్తంభం లేదు, గోడ లేదు, బోర్డు లేదు. ఆవిడ చూపు నడకదారి అంచున వరసగా నిలబడ్డ బళ్ళ మీద పడింది. వాటిలో ఒకటి మొక్కజొన్న కంకులు కాల్చే బండి. దాని మీద పెద్ద ఎర్ర గొడుగు. కింద నడివయసు మనిషి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని బొగ్గులు విసురుతోంది. "గిదే నిశానీ. ఎర్ర ఛత్రీ, మక్కకంకుల బండి" అని అత్తమ్మ పాప అరచేతిని బండి చెక్కకు ఆనించి పాఠమంతా చెప్పింది. పాప బుద్ధిగా అప్పజెప్పింది. కంకులావిడ మమ్మల్ని చూసి, కంకి కావాలా అంది. నాలుగు కంకులు కొనుక్కున్నాం.

ఇక్కడ ఒకటి చెప్పాలి, లేకపోతే మమ్మల్ని వెర్రివాళ్ళనుకుంటారు. పాతబస్తీలో బళ్ళకు చక్రాలుంటాయి గానీ బళ్ళు కదలవు. మా గల్లీ మొదట్లో మిర్చి బండి మా మామయ్య పెళ్ళికి ముందునుంచీ అక్కడే ఉంది. తండ్రి పోతే కొడుకు నడుపుతున్నాడు. సిమెంటు రోడ్డు వేసినవాళ్ళు ఆ బండిని జరపలేక, చక్రాల చుట్టూ సిమెంటు పోసి వెళ్ళిపోయారు. మా ఇంటికి దారి చెప్పాలంటే, "మిర్చి బండికాడ ఎడమకు తిరుగు భాయ్" అంటాం. మున్సిపాలిటీ వేసిన నంబరు మాకే గుర్తుండదు. బండంటే మాకు ఇల్లులాంటిదే. అందుకే అత్తమ్మ బండిని ఎంచినప్పుడు మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. సముద్రం నాదని ఎగిరే నాకు కూడా రాలేదు.

గంటో, గంటన్నరో హాయిగానే గడిచింది. పాప చెప్పులు విడిచి, ప్లాస్టిక్ డబ్బాతో ఇసుక తవ్వుతూ కూర్చుంది. పక్కన వాళ్ళ నాన్న. అత్తమ్మ బొడ్డులోంచి పసుపు కుంకుమల భరిణ తీసి, "గంగమ్మకు ఇయ్యాలె. నన్ను పట్టుకొని తీస్కపో" అంది. ఒక్కతే నీళ్ళలోకి దిగడానికి ఆవిడకు భయం. నేను రెక్క పట్టుకొని తీసుకెళ్ళాను. అల వచ్చి పాదాలు తడిపి, వెనక్కి పోతూ కాళ్ళకింది ఇసుకను లాగేసరికి, "అమ్మో, భూమి వోతుందే!" అని నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ వెంటనే చిన్నపిల్లలా నవ్వింది. మా పెళ్ళయ్యాక అంత దగ్గరగా ఆవిడ నన్ను పట్టుకున్నదీ, అలా నవ్విందీ అదే మొదలు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. పసుపు చల్లింది, కుంకుమ వేసింది, దణ్ణం పెట్టింది. ఇంకొక్క అల, ఇంకొక్క అల అంటూ నిలబడిపోయాం.

వెనక్కి తిరిగి వచ్చేసరికి ఇసుకలో గుంట ఉంది. డబ్బా ఉంది. చెప్పులు రెండూ ఉన్నాయి. పాప లేదు, వాళ్ళ నాన్న లేడు.

ఇద్దరూ కలిసి ఎటో వెళ్ళి ఉంటారనుకున్నాను. అంతలో మెట్ల మీదినుంచి ఆయన ఒక్కడే దిగుతూ కనబడ్డాడు, చెవి దగ్గర ఫోను. దుకాణం మూస్తాడు గానీ ఫోను మూయడు. గాలి హోరులో వినబడక పైకి వెళ్ళాడట. "గీడనే ఆడుకో బేటా, ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్ళాడట. నన్ను చూసి, "పాపేది?" అన్నాడు. "నీ దగ్గర కదా ఉంచి వెళ్ళాం!" అన్నాను. అప్పుడొక అల ఎన్నడూ లేనంత పైకి వచ్చి, పాప తవ్విన గుంటను నింపి, ఒక చెప్పును కొంత దూరం లాక్కుపోయింది. నీళ్ళు ఇంత పైదాకా వస్తున్నాయని మేం చూడనే లేదు.

"ఫికర్ జెయ్యకుండ్రి. నిశానీ కాడ ఉంటది" అంది అత్తమ్మ. ఆవిడ గొంతులో తొణుకు లేదు. పైగా తన పాఠం ఇవాళ పనికొచ్చిందన్న ధీమా ఉంది. ముగ్గురం ఇసుకలో పడుతూ లేస్తూ మెట్లెక్కాం.

బండి లేదు. ఎర్ర గొడుగు లేదు. అసలు ఆ వరసలో ఒక్క బండీ లేదు. నడకదారి పొడుగునా ఖాళీ. బండి నిలబడ్డ చోట కాసిని బొగ్గుల బూడిద, మొక్కజొన్న పొట్టు. నిశానీ దగ్గర లేదంటే ఇక ఎక్కడుంటుంది? ముగ్గురం ఒకేసారి సముద్రం వైపు తిరిగి చూశాం.

మా ఆయన దిగువకు ఉరికాడు. నేను పేరు పెట్టి అరుస్తూ చాపల మధ్య, పిల్లల మధ్య పరిగెత్తాను. నీలం చొక్కా వేసుకున్న కాపలా కుర్రాడు విజిల్ ఊదుతూ వచ్చి అడిగాడు. "ఎంతసేపైందమ్మా? నీళ్ళలోకి దిగడం ఎవరైనా చూశారా? ఏం బట్టలు?" ఎంతసేపైందో నాకు తెలియదు. "పసుపు గౌను" అన్నాను. "పసుపు కాదే, అది పొద్దున ఏసుకున్నది. మార్చినవ్ కదా!" అని మా ఆయన నీళ్ళలోంచి అరిచాడు. అవును, మార్చాను. దేనిలోకి మార్చానో గుర్తు రాలేదు. నా చేత్తో నేనే గుండీలు పెట్టాను, రంగు గుర్తు లేదు. ఆ కుర్రాడు నా మొహంకేసి చూసి, ఇంకోసారి అడగకుండా ఇంకో ఇద్దర్ని కేకేశాడు. ముగ్గురూ తాడు కట్టిన ట్యూబులు పట్టుకొని నీళ్ళలోకి వెళ్ళారు. మా ఆయన ప్యాంటుతో, ఫోనుతో, ఛాతీలోతు దాకా వెళ్ళిపోయాడు. ఈత రాదు ఆయనకు. "బేటా! బేటా!" అని గొంతు చించుకుంటున్నాడు. అల మీద పడ్డప్పుడల్లా ఆ గొంతు ఆగిపోయి మళ్ళీ వస్తోంది.

జనం గుమిగూడారు. ఎవరో పెద్దావిడ నోరు నొక్కుకొని, "అయ్యో తల్లీ, ఎన్నేళ్ళ పిల్ల?" అంది. ఆ మాటకు నాకు వెర్రెత్తింది. పోయినదాని వయసు అడిగినట్టు అడుగుతుందేమిటి? ఆవిణ్ణి తోసేశాను.

మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చాను. అత్తమ్మ ఆ బూడిద పక్కనే నిలబడి ఉంది, ఉత్త కాళ్ళతో, ఒక్క అడుగు కదలకుండా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరిక్కడ నిలబడి ఏం చేస్తున్నారు? వెతకండి!" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. "నీళ్ళకాడికి పిల్లను తేవొద్దని జెప్పిన. ఇన్నవా? మా సముద్రం, మా సముద్రమని సంపుతివి. చూస్కో ఇప్పుడు, నీ సముద్రం ఏంజేసిందో!"

నేను లోపల అనుకుంటున్నదే ఆవిడ పైకి అంది. మరుక్షణం నోరు దానంతటదే లేచింది. "మీ కొడుకు ఫోను కోసం పిల్లనొదిలి పోతే నా సముద్రమా? మీ నిశానీ ఏమైంది? పిల్లకు నేర్పించారు కదా, ఏదీ మీ నిశానీ?" నడిరోడ్డు మీద అత్తగారి మీద అరిచాను. జనం చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

ఆవిడ తిరిగి అరవలేదు. నా ప్రశ్నే మళ్ళీ నన్ను అడిగింది. "అదే. బండేది? బండెటు వోయింది?"

"బండెటు పోతే ఏందత్తమ్మా! పిల్ల పోతే బండి కావాలా మీకు?" ఆవిడకు మతి చలించిందనుకున్నాను. రెండు భుజాలూ పట్టుకొని ఊపేశాను. ఆవిడ నా చేతులు విదిలించి, నా గదవ పట్టుకొని మొహం తనవైపు తిప్పుకుంది. ఆవిడ వేళ్ళు గడ్డకట్టినట్టున్నాయి.

"పిచ్చిదానా, ఇను. అది బండి ఇడువది. మొన్న బజార్ల నేను తిట్టిన తిట్లకు అది సచ్చినా ఇడువది. ఒచ్చి బండిని పట్టుకుంటే, ఆ బండెటు వోతే గటు వోతది. నీళ్ళు ఇడిశిపెట్టు. బండిని దేవులాడు."

నేను సముద్రం వైపు చూశాను. పొద్దు వెనక కొండల చాటుకు వెళ్ళిపోయింది. నీళ్ళ రంగు ముదిరి, మనుషుల తలలు నల్ల చుక్కల్లా కనిపిస్తున్నాయి. వాటిలో ఏది మా ఆయనదో తెలియడం లేదు. అత్తమ్మ మాట నిజమైతే పాప రోడ్డు మీద ఎక్కడో ఉంది. అబద్ధమైతే ఆ నీళ్ళలో ఉంది, నేను నీళ్ళకు వీపు తిప్పి మొక్కజొన్న బండి వెంట పోతున్నాను. తల్లికి ఇంతకంటే కష్టం ఉంటుందా? పాపను చివరిసారి చూసిన చోటు వదిలి పోవడానికి నా కాళ్ళు ఒప్పుకోలేదు. అత్తమ్మ నన్ను వెనకనుంచి ఒక్క తోపు తోసింది. "ఉరుకు!"

ఉరికాను. బుడగలమ్మే అతన్ని అడిగితే, కార్లు ఎక్కువై రోడ్డు బిగుసుకుపోయిందని పోలీసు వచ్చి బళ్ళన్నీ తరిమాడని చెప్పాడు. కొన్ని ఇటు, కొన్ని అటు పోయాయి. కంకుల బండి ఎటు పోయిందో అతనికి తెలియదు. ఊరి వైపు ఎక్కువ బళ్ళు పోయాయన్నాడు. అటే పడ్డాను. కారు లైట్ల వెలుతురు కళ్ళలో కొడుతోంది. చెప్పు తెగింది, తీసి విసిరేశాను. ఎర్ర గొడుగు, ఎర్ర గొడుగు అని నాలో నేనే జపం చేస్తూ, తలెత్తి పైపైనే చూసుకుంటూ పరిగెత్తాను. పానీపూరీ బండి మీద నీలం గొడుగు. ఐస్‌క్రీం బండి మీద చారల గొడుగు. కొన్నింటికి అసలు గొడుగే లేదు. రోడ్డు మలుపు దాకా వెళ్ళాను. అక్కడికి బళ్ళు అయిపోయాయి. ఆ తర్వాత చీకటి, తాటిచెట్లు, ఖాళీ రోడ్డు.

ఇక లేదనుకున్నాను. బండి రెండో వైపు పోయి ఉంటుందనైనా తోచలేదు. నీళ్ళను వదిలి వచ్చానే అన్నదొక్కటే తోచింది. రొప్పుతూ, ఏడుస్తూ, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను.

"ఓలమ్మా! ఓ హైదరాబాదమ్మా! గుంట కోసవేనా తిరుగుతున్నావు?"

నేను నిలబడిపోయాను. గుంటంటే అక్కడివాళ్ళ మాటలో పిల్ల. రోడ్డు అంచున, ఆగి ఉన్న వ్యాను పక్కన, కంకులావిడ. పొద్దు పోయిందని గొడుగు మడిచి బండి మీద అడ్డంగా పడేసింది. ఎర్ర రంగు ఎక్కడా కనబడటం లేదు. "రండి, రండి. మీ గుంటని తీసికెల్లండి తల్లీ, మీ కాళ్ళకి మొక్కుతాను. ఎల్లమంటే ఎల్దు. పేరు సెప్పదు, ఊరు సెప్పదు. నాను బండి లాగితే తనూ ఎంట నడిసొచ్చేసింది. సెయ్యి తీయబోతే కొరికేసింది సూడు! నా ఇంటికాడ పిల్లలు సూస్తుంటారు, ఈ గుంట నా బండొగ్గదు!"

బండికి అవతలి పక్క, చక్రానికి ఆనుకొని మా పాప నిలబడి ఉంది. ఆకుపచ్చ గౌను. ఇప్పుడు గుర్తొచ్చింది, ఆకుపచ్చది. రెండు చేతులతో బండి చెక్క పట్టుకొని ఉంది. కళ్ళలో చుక్క నీరు లేదు. నేను మీద పడి కావలించుకుంటే, అప్పుడు ఒక చెయ్యి వదిలింది. రెండోది వదల్లేదు. "నువ్వు ముట్టుకున్నవ్ కదా. ఇగ ఇడువొచ్చా?" అని అడిగింది. నేనే ఒక్కొక్క వేలూ విడదీశాను. ఆ వేళ్ళు చెక్కకు అంటుకుపోయినట్టున్నాయి. ప్రాణం లేచొచ్చింది అంటారే, అది నిజంగా కాళ్ళలోంచి మొదలై పైకి వస్తుంది. నేను రోడ్డు మీదే చతికిలబడ్డాను.

ఎవరి ఫోనో తీసుకొని మా ఆయనకు చేశాను. ఆయన ఫోను నీళ్ళ పాలైంది, మోగలేదు. కంకులావిడే ఒక సైకిలు కుర్రాణ్ణి పరిగెత్తించి కబురు పంపింది. కాసేపటికి ఆయన వచ్చాడు, ఒళ్ళంతా కారుతున్న నీళ్ళతో, ఒక చేత్తో అత్తమ్మను పట్టుకొని దాదాపు ఈడ్చుకొస్తూ. పాపను చూడగానే దాని జుట్టులో మొహం పెట్టుకున్నాడు. ఆ మనిషి ఏడుస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు.

అత్తమ్మ వచ్చి బండిని చూసింది, పాపను చూసింది. భయమంతా ఒక్కసారిగా గర్వంగా మారింది. నా వైపు తిరిగి, "ఏమాయె? నేను జెప్పలే? నిశానీ ఇడువదని జెప్పలే? నీళ్ళల్ల దేవులాడుతుండ్రి మీరు!" అంది. కంకులావిడకు కూడా చెప్పింది. "నేనే నేర్పిన దీనికి. మస్తు హుషారు నా మనుమరాలు." పాప తల నిమురుతూ, "శభాష్ బిడ్డా. ఎవలు పిలిచినా పోలేదు కదా?" అంది.

"పోలే నానమ్మా" అంది పాప. శభాష్ అనేసరికి దాని మొహం వెలిగింది. ఇంకా మెచ్చుకోలు కోసం గబగబా చెప్పడం మొదలుపెట్టింది. "డాడీ కనవడకపోతే నిశానీ కాడికొచ్చిన. ఎవ్వలు పిలిచినా పోలే. ఈ ఆంటీ చెయ్యి తీస్తే కొరికిన. పోలీసంకుల్ అడిగితే పేరు గూడ చెప్పలే. మల్ల మమ్మీ వచ్చింది నానమ్మా. గిట్లకెల్లే ఉరుక్కుంట పోయింది, పైకి జూసుకుంట. ఏడుస్తున్నది. నేను మమ్మీ మమ్మీ అని మస్తు మొత్తుకున్న. హారన్లకు ఇనవడలే. నా పక్కకెల్లే పోయింది. నేను ఉరికితే దొరుకుతుండె. కాని బండి ఇడువలే నానమ్మా. నువ్వు తిడ్తవని ఇడువనే లేదు."

అది చెప్పి, ఇంకో శభాష్ కోసం వాళ్ళ నానమ్మ మొహంకేసి చూసింది.

అత్తమ్మ చెయ్యి పాప తల మీదే ఆగిపోయింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నేను పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతుంటే, ఏడేళ్ళ పిల్ల ఆ చెక్క పట్టుకొని చూస్తూ నిలబడింది. అదొక్కటే కళ్ళ ముందు ఆడుతోంది. మా ఆయన తల వంచుకున్నాడు. కంకులావిడ విసనకర్ర పక్కన పెట్టి, "అమ్మ నా తల్లో" అని గొణిగింది.

అత్తమ్మ మెల్లగా, మోకాళ్ళు పట్టుకుంటూ రోడ్డు మీద కూర్చుంది. పాప రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. వాటి మీద చెక్క అంచు గుంటలు పడి ఎర్రగా ఉన్నాయి. వాటిని బొటనవేళ్ళతో రుద్దింది.

"ఇను బిడ్డా. మీ అమ్మ కనవడితే ఇడిశిపెట్టాలె. నిశానీ లేదు, ఏం లేదు. అమ్మ కనవడితే అన్ని ఇడిశిపెట్టి ఉరకాలె. నేను వొద్దన్నా ఉరకాలె. నేను తిట్టినా ఉరకాలె."

పాపకు అర్థం కాలేదు. ఆవిడను చూసింది, నన్ను చూసింది. "మరి... మమ్మీ కనవడ్డప్పుడు ఇడిస్తే ఏం గాకపోతుండెనా?" అని అడిగింది.

"ఏం గాకపోతుండె బిడ్డా" అంది అత్తమ్మ.

పాప కింది పెదవి వంకర తిరిగింది. అప్పటిదాకా ఒక్క చుక్క రాని పిల్ల, నోరంతా తెరిచి, ఊపిరి అందక, నడిరోడ్డు మీద బావురుమని ఏడవడం మొదలుపెట్టింది.